కాయ కొనేదెవరు?

మంగళవారం, రాత్రి 10:30

ఇంటర్నేషనల్ మార్కెటింగ్ క్లాసులో నా ప్రెజెంటేషన్ ఇవాళ అయింది. పొద్దున్నుంచీ ఒకటే టెన్షన్. చుట్టుగుంట దగ్గర యార్డుకి వెళ్ళే మిర్చి లారీలు అడ్డంపడి బస్సు అరగంట ఆగిపోయింది, కిటికీలోంచి ఘాటు లోపలికొచ్చి సగం బస్సు దగ్గుతోంది, నేను మాత్రం నిలబడే స్లైడ్లన్నీ మనసులో ఒకటికి పదిసార్లు తిప్పుకున్నాను. ఫిబ్రవరి వచ్చిందంటే మా గుంటూరు ఇంతే, కొత్త కాయ దిగినన్నాళ్ళూ ఊరంతా ఎర్రగా ఉంటుంది.

సెమిస్టర్ మొదట్లోనే మేడమ్ చెప్పారు, ఎవరి ప్రాంతం సరుకు వాళ్ళు తీసుకోండి, దాన్ని పరాయి దేశంలో ఎలా అమ్ముతారో చెప్పండి అని. ఒకరు పోచంపల్లి ఇక్కత్ తీసుకున్నారు, ఒకరు బంగినపల్లి మామిడి, ఒకరు అరకు కాఫీ. నాకు వెతుక్కునే పనే లేకపోయింది. మా అమ్మ కోల్డ్ స్టోరేజీలో మిర్చికి తొడిమలు తీస్తుంది. మా మావయ్య సత్తెనపల్లి దగ్గర రెండెకరాలు కౌలుకి తీసుకుని తేజ వేస్తాడు. అందుకే తేజ రకం ఎండుమిర్చి, చైనా మార్కెట్ అని రాసిచ్చేశాను.

బాగానే చెప్పాననుకున్నాను. ఎగుమతి చేయాలంటే ముందు ఐఈసీ నంబరు (ఎగుమతి, దిగుమతులకి ప్రభుత్వం ఇచ్చే కోడ్), ఆ తర్వాత స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్, ఎండుమిర్చి హెచ్‌ఎస్ కోడ్ (దేశాలన్నీ సరుకుల్ని గుర్తించే నంబరు) 0904 కింద వస్తుంది, అమ్మకం షరతు ఎఫ్‌ఓబీ అయితే ఓడ మీదికి సరుకు ఎక్కేదాకా బాధ్యత మనది, సీఐఎఫ్ అయితే అవతలి రేవు దాకా కిరాయి, ఇన్సూరెన్స్ కూడా మనమే కట్టాలి. ఇవన్నీ చూడకుండా చెప్పాను. చివరి స్లైడు కాగానే మేడమ్ ఒక్కటే అడిగారు.

"కొనేదెవరమ్మా?"

"చైనా, మేడమ్."

"చైనా దేశం. నేను మనిషిని అడుగుతున్నా. నీ శాంపిల్ ఎవరి టేబుల్ మీదికి వెళ్తుంది, అతను దాంట్లో ఏం చూస్తాడు?"

నాకు నోట మాట రాలేదు. ఎరుపు చూస్తారని అనబోయి ఆగిపోయాను, ఎందుకంటే అది మనం కొనేటప్పుడు చూసేది. మేడమ్ కోప్పడలేదు, వచ్చే మంగళవారం మళ్ళీ చెప్పమన్నారు. క్లాసయ్యాక లైబ్రరీలో కూర్చుంటే మధ్యాహ్నం అన్నం సంగతి కూడా గుర్తురాలేదు.

చదివిందంతా ఇక్కడ రాసుకుంటున్నా. కొనేవాళ్ళలో ఒక రకం వంటకి వాడేవాళ్ళు. చైనాలో సిచువాన్, హునాన్ వైపు మనకంటే తక్కువేం తినరు కారం, హాట్‌పాట్ మసాలాలు చేసే కంపెనీలకి ఎండుమిర్చి ఎంతైనా కావాలి. ఇంకో రకం ఓలియోరెజిన్ తీసే ఫ్యాక్టరీలు. అంటే ఎండుమిర్చిని పొడిచేసి, సాల్వెంట్‌లో, అంటే సారాన్ని కరిగించే ద్రవంలో నానబెట్టి, దాని సారం అంతా చిక్కటి నూనెలా లాగేస్తారు. కారాన్నిచ్చే క్యాప్సైసిన్ అందులోనే ఉంటుంది. చిప్స్ మీద చల్లే మసాలా, నొప్పులకి రాసుకునే ఆయింట్‌మెంటు, ఆడపిల్లలు బ్యాగులో పెట్టుకునే పెప్పర్ స్ప్రే, అన్నింటికీ మూలం అదే. ఆ ఫ్యాక్టరీలో కొనుగోలు చూసే మనిషికి మన కాయ కాయ కాదు, ల్యాబ్ రిపోర్టులో ఒక శాతం. కిలోకి ఎంత క్యాప్సైసిన్ దిగుతుందన్నదే లెక్క. తేజని వెతుక్కుంటూ వచ్చేది అందుకే, మన గుంటూరు సన్నం రకం కన్నా దాంట్లో కారం బాగా ఎక్కువ. రంగు కావాల్సినవాడు బ్యాడిగి రకం వైపు వెళ్తాడు, దాంట్లో కారం తక్కువ, ఎరుపు ఎక్కువ.

గత వారం క్లాసులో స్టాండర్డైజేషనా (అన్ని దేశాల్లో ఒకే సరుకు), అడాప్టేషనా (ఆ దేశానికి తగ్గట్టు సరుకు మార్చడం) అని పెద్ద చర్చ జరిగింది. 1996లో మెక్‌డొనాల్డ్స్ మన దేశానికి వచ్చినప్పుడు గొడ్డుమాంసం పక్కనపెట్టి, తర్వాత ఆలూ టిక్కీ బర్గర్ తెచ్చిందని మేడమ్ చెప్తుంటే అందరూ రాసుకున్నారు. నాకు టిక్కీ అంటే మిర్చి బస్తానే, యార్డులో ఇవాళ లక్ష టిక్కీలు దిగాయి అనే మాట చిన్నప్పట్నుంచీ విన్నదే. అప్పుడు తట్టలేదు కానీ ఇవాళ అర్థమైంది, అడాప్టేషన్ అంటే ఎప్పుడూ వాళ్ళు మన దగ్గరికి వచ్చి మారడమే కాదు. మా మావయ్య నాలుగైదేళ్ళ క్రితం దాకా 334 అనే మిర్చి రకం వేసేవాడు, ఇప్పుడు తేజ వేస్తున్నాడు. ఎక్కడో ఒక ఫ్యాక్టరీకి కారం ఎక్కువ కావాల్సి వస్తే సత్తెనపల్లి దగ్గర చేలో విత్తనం మారిపోయింది. పేరు తెలియకుండానే ఆ పని మావయ్య చేసేశాడు.

2020 మొదట్లో నేను ఇంటర్ చదువుతున్నా. ఒకరోజు మావయ్య ఫోన్ చేసి "చైనాలో ఏదో జబ్బంట, మన కాయ కొనట్లేదంట, రేటు పడిపోయింది" అన్నాడు. కరోనా అనే మాట మా ఇంట్లో అందరికంటే ముందు తెచ్చింది ఆయనే. మార్చి వచ్చేసరికి లాక్‌డౌన్ పెట్టారు, యార్డు మూసేశారు, కోసిన కాయ కల్లంలోనే ఉండిపోయింది. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడితే ఏమవుతుందో పుస్తకంలో ఒక పేరా ఉంది. నాకా పేరా చదువుతుంటే, అప్పుడు అత్తయ్య రాత్రిపూట కల్లంలో పట్టా కప్పి, పక్కనే మంచం వేసుకుని పడుకున్నది కళ్ళ ముందు కనపడింది.

మరి యూరప్‌కి అమ్ముకోవచ్చు కదా అని చూశాను. అక్కడ లెక్క వేరు. మిర్చిలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 దాటకూడదు. అంటే వంద కోట్ల పాళ్ళలో ఐదు. ఆ విషం బూజు వల్ల వస్తుంది, బూజు తేమ వల్ల వస్తుంది, తేమ కల్లంలో ఒక్క రాత్రి వాన పడితే చాలు వస్తుంది. కాయ నేల మీద ఎండిందా, పట్టా మీద ఎండిందా, సరిగ్గా ఆరకముందే సంచిలోకి ఎత్తారా, అవతలి రేవులో పరీక్ష చేసేవాడికి అదంతా తెలిసిపోతుంది. మార్కెటింగ్ అంటే ప్యాకింగ్, ప్రకటన అనుకుంటూ వచ్చాను నేను. మిర్చికి అది కల్లంలో పట్టా పరిచినప్పుడే మొదలవుతోంది. పట్టా ఖర్చు మాత్రం రైతుదే, దాని గురించి ఏ స్లైడులోనూ ఎవరూ రాయరు, వచ్చే వారం నేను రాస్తాను.

ఇంకో సంగతి మనసులో మెదులుతూనే ఉంది. అరకు కాఫీ తీసుకున్న అమ్మాయి, 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే షాపు తెరిచారని ఫొటో చూపించింది. గిరిజన రైతులు పండించిన గింజ, వాళ్ళ కొండల పేరు అద్దం మీద. చూడటానికి ఎంత బాగుందో. గుంటూరు సన్నానికి కూడా జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతం సరుకని చెప్పే అధికారిక గుర్తింపు ఉంది. కానీ మిర్చి నూనెగా మారి సీసాలోకి వెళ్ళాక గుంటూరు అన్న ముక్క ఎక్కడా మిగలదు. ఇది నాకు నిజంగా బాధగా ఉంది. అసలు మిరప మనది కూడా కాదు, అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చింది, అంతకుముందు మన వంటల్లో కారమంటే ఎక్కువగా మిరియమే. అంత దూరం నుంచి వచ్చినదాన్ని మన నేల మీద మనదిగా చేసుకున్నాం, మళ్ళీ పంపేటప్పుడు పేరు పెట్టి పంపలేకపోతున్నాం. కాఫీ తాగేవాడు గింజ ఎక్కడిదని అడుగుతాడు, నూనె కొనేవాడు అడగడు. అందుకే నా ప్రెజెంటేషన్‌లో ఫ్యాక్టరీని వదలకుండానే వంటకి వాడేవాళ్ళని ముందు పెట్టాలనుకుంటున్నా. తొడిమ తీసిన కాయ, మంచి ఎండు, ఏ ఊరి చేలోదో రాసి ఉన్న చిన్న ప్యాకెట్. అమెరికాలో, గల్ఫ్‌లో మనవాళ్ళే ఎంతమంది ఉన్నారు, ఊరగాయల రోజుల్లో గుంటూరు కారం కోసం వాళ్ళు ఫోన్లు చేయడం నేను చూశాను. అక్కడ మొదలుపెట్టొచ్చు.

సాయంత్రం ఏడింటికి అమ్మ వచ్చింది. పొద్దున చేతులకి ఆముదం రాసుకునే వెళ్తుంది, అయినా వచ్చేసరికి వేళ్ళు మండుతూనే ఉంటాయి. రాగానే మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకుని కాసేపు అలా కూర్చుంటుంది, అప్పుడు ఎవ్వరినీ దగ్గరికి రానివ్వదు, కంట్లో పడుతుందని. చీర విడిగా బకెట్లో పడేస్తుంది. కూలి కిలోల లెక్కన, ఎన్ని కిలోల కాయకి తొడిమ తీస్తే అంత.

భోజనాలయ్యాక నేను పుస్తకం ముందేసుకుని కూర్చుంటే, "ఏందే, ఇంకా పడుకోలా?" అంది. మేడమ్ అడిగిన ప్రశ్న చెప్పాను. కాయలో ఎవరు ఏం చూస్తారని అడిగారమ్మా అన్నాను. అమ్మ ఏం మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళి డబ్బాలోంచి నాలుగు ఎండుమిరపకాయలు తెచ్చింది. ఒకటి తెల్లగా పాలిపోయి ఉంది, "ఇది తాలు, దీన్ని పక్కన పడేస్తాం" అంది. రెండోదాని తొడిమ బొటనవేలితో నొక్కింది, విరగలేదు, వంగింది. "వంగిందంటే లోపల తడుందని. ఇట్టాంటిది ఒక్కటి టిక్కీలో పడినా పక్కనున్నయ్యన్నీ పాడైతయ్." మూడోది నొక్కగానే టప్పున విరిగింది. "ఈ చప్పుడు రావాల."

రోజూ గంటలకొద్దీ వంగి ఆ చప్పుడు వింటూ ఏరుతోంది మా అమ్మ. ల్యాబులో తేమ 10 శాతమో 11 శాతమో అని మిషన్ చెప్పే ముందే ఆమె వేలికి తెలుస్తోంది. ఈ ఇంట్లో ఇన్నేళ్ళున్నాను, ఒక్కసారి కూడా అడగలేదు.

తాలు ఎలా ఉంటుంది, తొడిమ ఎలా విరగాలి, బూజు ముందు ఎక్కడ కనపడుతుంది, అన్నీ అడిగి రెండు పేజీలు రాసుకున్నాను. బూజు తొడిమ మొదట్లో, లోపలివైపు చూడాలంట. నాలుగో కాయ నా చెవి దగ్గర పెట్టి ఊపింది, లోపల గింజలు గలగలమన్నాయి. "ఇది నీ చైనావోడికి పంపు" అంది.

ఆ కాయని కాగితంలో చుట్టి బ్యాగులో పెట్టుకున్నా. పొద్దున మావయ్యకి ఫోన్ చేసి ఈసారి ఎన్ని పట్టాలు కొన్నాడో కనుక్కోవాలి.