కట్నం లేని సంబంధం

నాకు సంబంధం కుదిరిన ఏడాది మా నాయన మూడో బోరు వేయించాడు. అందులోనూ దుమ్మే లేచింది. రాయదుర్గం పక్కన మాది మెట్ట భూమి, చెనిక్కాయ తప్ప ఇంకో పంట ఎరగదు. దేశంలో వానలు అతి తక్కువ పడే జిల్లాల్లో మా అనంతపురం ఒకటి అని బడిలో చెప్పేవాళ్ళు. ఆ ఏడు ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. బోరు కోసం తెచ్చిన అప్పుకు మూడు రూపాయల వడ్డీ. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నాను, అప్పుడే పద్దెనిమిది నిండాయి.

పెళ్ళికొడుకు లారీ డ్రైవర్. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. "కట్నం వద్దంటాండారు, పెండ్లి ఖర్చు గూడా వాళ్ళదేనంట, ఇంగేం సూస్తాంలేమ్మే" అంది అమ్మ. ఆయన ఎట్లాంటివాడు, ఇన్నేళ్ళు పెళ్ళెందుకు కాలేదు అని అడగడం ఆ మాటతోనే ఆగిపోయింది. మా వైపు ఆరా తీసే హక్కు కట్నం ఇచ్చేవాళ్ళకే ఉంటుంది.

పాప కడుపులో ఉన్నప్పుడు పీహెచ్‌సీలో అన్ని రక్తపరీక్షలతో పాటు హెచ్‌ఐవీ పరీక్షా చేశారు. నెగటివ్ అని రాశారు. అంటే నాకు ఆ జబ్బు వచ్చింది ఆ తర్వాతే. ఆయన బయటి తిరుగుళ్ళ సంగతి అప్పటికే నాకు తెలుసు. లారీ క్లీనర్ ఒకసారి నోరు జారాడు. ఆశా అక్క ఇచ్చిన నిరోధ్ ప్యాకెట్ తీసి చూపిస్తే, "నేను ఇంట్లో లేనప్పుడు ఇవి నీకెందుకు?" అన్నాడు. మర్నాడు పాప పాలకు డబ్బులివ్వకుండా బండెక్కి వెళ్ళిపోయాడు. ఇంకోసారి ఆ ప్యాకెట్ బయటికి తీయలేదు నేను. బియ్యం, పాలు, గ్యాసు అన్నీ ఆయన జేబులోంచే రావాలి. పుట్టింటికి పోదామంటే అక్కడ చెల్లెలి చదువు, బోరు అప్పు. జాగ్రత్తలు తెలియక కాదు, ప్యాకెట్ నా చేతిలోనే ఉంది.

ఆయన కామెర్లని చెప్పి ఆసుపత్రిలో పోయాడు. అత్త ఏ కాగితమూ నాకు చూపించలేదు. దినాలు కాగానే పుట్టింటికి వచ్చేశాను. రాయదుర్గం అంటే జీన్స్ కుట్టే ఊరు కదా, ఒక షెడ్డులో మిషన్ మీద కూర్చున్నాను. పీసు రేటు. ఎన్ని కుడితే అంత.

2023 ఎండాకాలంలో సాయంత్రమైతే జ్వరం, రాత్రి దుప్పటి తడిసేంత చెమట. జాకెట్లన్నీ వదులైపోయాయి. మెడ పక్కన గోలీలంత బిళ్ళలు లేచాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్లూకోజ్ ఎక్కించి పంపించాడు. ఎక్కించిన రోజు బాగానే ఉండేది, రెండు రోజులకు మళ్ళీ మామూలే. టౌనులో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కి పోతే, నాతో ఒక్క మాటైనా అనకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేసేసి, వరండాలో నలుగురి ముందూ "నీ మొగుడేం చేస్తాడు?" అని అడిగారు. బెడ్ లేదన్నారు. మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చేయకూడదనీ, ఫలితం ఇంకొకరి చెవిన వేయకూడదనీ 2017లో చట్టమే చేశారు, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. అది నాకు తెలిసేసరికి వాళ్ళ బిల్లు కోసం అమ్మ కమ్మలు కుదువకు పోయాయి.

అనంతపురం పెద్దాసుపత్రిలో కౌన్సెలింగ్ గదికి తలుపుంది. చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, ఆ మేడం తలుపు వేసి, కుర్చీ చూపించి, తర్వాతే మాట్లాడింది. మూడు రకాల కిట్లతో చూసి మూడింటిలోనూ వస్తేనే పాజిటివ్ అంటారట. నాకు మూడింటిలోనూ వచ్చింది. ఒంట్లో జబ్బులతో పోరాడే సీడీ4 కణాలు 112కు పడిపోయాయి. మెడ బిళ్ళలు టీబీ. పాపకూ పరీక్ష చేయాలన్నారు. ఆ రిపోర్టు వచ్చేదాకా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. పాపకు లేదు. ఇంక నాకేమొచ్చినా పరవాలేదనిపించింది ఆ పూటకి.

ముందు టీబీ మందులు మొదలుపెట్టి, అవి ఒంటికి కాస్త పడ్డాక హెచ్‌ఐవీని అణిచే మందులు, ఏఆర్‌టీ అంటారు, అవి ఇచ్చారు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిపిన ఒకే మాత్ర, రోజుకొకటి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుందట, అందుకని ఆ కోర్సు నడిచినన్నాళ్ళూ పన్నెండు గంటల ఎడంతో ఇంకో డోలుటెగ్రావిర్ వేసుకోవాలి. మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వస్తే రక్తమే అనుకుని హడలిపోయాను. అది మందు రంగేనట. ఇంకా భయపెట్టిందేమంటే, ఏఆర్‌టీ మొదలయ్యాక మెడ బిళ్ళలు తగ్గాల్సింది పోయి ఉబ్బాయి. "మందు పనిచేస్తోందమ్మా, నీ ఒంట్లో శక్తి తిరిగొచ్చి దాచుకున్న టీబీతో పోట్లాడుతోంది, ఆపొద్దు" అన్నారు డాక్టరు. మందు మధ్యలో మానేసేవాళ్ళు చాలామంది అట్లాంటప్పుడే మానేస్తారట.

మందులకు పైసా ఖర్చు లేదు. ఖర్చంతా ఆ మందు దాకా పోవడానికి. ఆసుపత్రికి పోయిన రోజు షెడ్డులో కూలి రాదు, బస్సు చార్జీ వేరే. ఖాళీ కడుపున ఆ మాత్రలు మింగితే తిప్పేసేది, సంగటి, ఊరిబిండి తిన్నాకే వేసుకునేదాన్ని. టీబీ రోగులకు తిండి కోసం అప్పట్లో నెలకు 500 ఇచ్చేవాళ్ళు, 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. ఆ 500తో అమ్మ గుడ్లు కొనేది. జబ్బు కుదుటపడ్డాక రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇస్తున్నారు, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఆ రెండింటితో నాకు మిగిలిన కూలి ఎంతో నాకే తెలుసు. ఏఆర్‌టీ వాడేవాళ్ళకు నెలకు 4,000 పింఛను కూడా ఉంది. నేను ఇంకా అడగలేదు. మా సచివాలయంలో పనిచేసే పిల్లాడిది మా వీధే.

ఆరు నెలల టీబీ కోర్సు ఎప్పుడో అయిపోయింది, బిళ్ళలు కరిగాయి, మిషన్ మీద ఇదివరకటిలాగే కూర్చుంటున్నాను. వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ లెక్కకు అందనంత తగ్గిందని వచ్చింది. అట్లా ఉన్నంత కాలం లైంగికంగా ఇంకొకరికి అంటదని చెప్పారు. పెళ్ళి ఊసు ఎవరెత్తినా నవ్వొస్తుంది గానీ, ఆ మాట విన్నప్పటి నుంచి పాపను పక్కలో పడుకోబెట్టుకోవడానికి అమ్మ జంకడం లేదు. పక్కలో పడుకుంటే ఎట్లాగూ అంటదని వంద సార్లు చెప్పినా వినని మనిషి, కాగితం చూసి విన్నది.

కౌన్సెలింగ్ మేడం ఒకసారి ఆఫ్రికాలోని మలావీ సంగతి చెప్పింది. అక్కడ జొంబా జిల్లాలో బడికి పోయే ఆడపిల్లలకూ వాళ్ళ ఇంటివాళ్ళకూ నెలనెలా కొంత డబ్బిచ్చి చూశారట. ఏడాదిన్నర తర్వాత డబ్బు అందిన పిల్లల్లో హెచ్‌ఐవీ 1.2 శాతం, అందనివాళ్ళలో 3 శాతం. డబ్బు అందిన పిల్లలు తమకంటే వయసులో బాగా పెద్దవాళ్ళైన మగవాళ్ళ జోలికి పోవడం తగ్గిందట. మన రాష్ట్రంలో గోడల మీద రాసేదంతా నిరోధ్ వాడండి, నమ్మకంగా ఉండండి అనే. వాడమని చెప్పాల్సింది మాకు కాదు. నమ్మకంగా నేను ఉన్నాను. మా నాయన చేతిలో ఆ ఏడాది వడ్డీకి సరిపడా డబ్బుంటే నేను ఇంటర్ పూర్తి చేసేదాన్ని, ఆ సంబంధం మా గడప తొక్కేది కాదు.

ఉగాది దాటాక చెల్లెలికి ఒక సంబంధమొచ్చింది. కట్నం వద్దన్నారట, అబ్బాయికి బెంగళూరులో పనట. అమ్మ ముఖం వెలిగిపోయింది. వాళ్ళు కాఫీలు తాగుతుండగా, ఇద్దరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేయిద్దాం, మూడు నెలలాగి ఇంకోసారి చేయిద్దాం, కొత్తగా సోకితే మొదటిసారి తెలియకపోవచ్చు అన్నాను. అబ్బాయి తల్లి గ్లాసు కింద పెట్టేసింది. మళ్ళీ వాళ్ళు ఫోన్ చేయలేదు. అమ్మ కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. చెల్లి డిగ్రీ రెండో సంవత్సరం ఫీజు సగం కట్టాం, మిగతా సగానికి నేను రాత్రి షిఫ్టు కూడా అడిగాను.