క్రాస్‌మ్యాచ్ దగ్గర ఆగిపోయిన నా కిడ్నీ మార్పిడి: నా అనుభవం

గుండె పరీక్షలు, స్కానింగులు, పళ్ల పరీక్ష వారంలో ముగిశాయి. నాకు కిడ్నీ ఇస్తానన్న నా భర్తదీ నాదీ ఒకే బ్లడ్ గ్రూపు కావడంతో ఇక అడ్డేమీ లేదనుకున్నాము. ఆయన తెల్ల రక్తకణాలను నా సీరంతో (రక్తంలోని ద్రవభాగంతో) కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ 'పాజిటివ్' వచ్చిందని చెప్పగానే, కిడ్నీ సరిపోయిందనుకుని సంబరంగా నవ్వాను. పాజిటివ్ అంటే నా ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఆ కణాలను చంపుతున్నాయని అర్థమట.

"ఇంతకుముందు రక్తం ఎక్కించుకున్నారా? ఎన్ని యూనిట్లు? తెల్లకణాలను వడపోసిన రక్తమేనా?" అని డాక్టరుగారు అడిగితే నాకు నోరు పెగల్లేదు. డయాలసిస్ కొత్తలో హిమోగ్లోబిన్ 6కు పడిపోయి ఊపిరందని ఒక రాత్రి ఎక్కించారన్నదే నాకు తెలుసు. డిశ్చార్జ్ కాగితంలో 'రక్తం ఎక్కించడమైనది' అన్న ఒక్క ముక్క తప్ప సంఖ్య లేదు, తేదీ లేదు. రికార్డుల గదికి నాలుగుసార్లు తిరిగాను. నాలుగోసారి, వరుసలో అందరూ వింటుండగా, "ఎక్కించుకున్నది మీరే కదమ్మా, మీకే గుర్తు లేకపోతే మాకెలా ఉంటుంది?" అన్నాడు అక్కడి గుమాస్తా. అలాంటివారిని బతిమాలకుండా నేరుగా బ్లడ్ బ్యాంకుకు వెళ్లండి. సంచి నంబర్లతో సహా నా వివరాలు అక్కడి రిజిస్టరులో పది నిమిషాల్లో దొరికాయి. రెండు యూనిట్లు, వడపోయనివి.

ఎక్కించిన రక్తంలోని తెల్లకణాల మీద ఉండే, మనిషికీ మనిషికీ మారే హెచ్ఎల్ఏ అనే గుర్తులను పరాయివిగా ఎంచి శరీరం ప్రతిరక్షకాలను తయారుచేస్తుందని డాక్టరుగారు వివరించారు. బిడ్డల ద్వారా నా భర్త గుర్తులు రెండు కాన్పుల్లోనే నా శరీరానికి పరిచయమై ఉంటాయని, ఆ జ్ఞాపకాన్ని ఎక్కించిన రక్తం తట్టి లేపి ఉండవచ్చని, వడపోత ఈ ముప్పును తగ్గించగలదే కాని పూర్తిగా తొలగించలేదని కూడా చెప్పారు. 1973లో ఓపెల్జ్, తెరసాకి అనే పరిశోధకుల బృందం రక్తం ఎక్కించుకున్నవారిలో మార్చిన కిడ్నీ ఎక్కువ కాలం నిలుస్తున్నదని చూపిన తరువాత కావాలనే ఎక్కించేవారని, మార్చిన కిడ్నీని శరీరం తిరస్కరించకుండా ఆపే సైక్లోస్పోరిన్ మందు వచ్చాక ఆ లాభం దాదాపు కనబడకుండా పోయిందని విన్నప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ రాత్రి రక్తం అనవసరమని నేను అనను. అయితే ఐరన్, ఎర్ర రక్తకణాలను పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లను నెలల ముందే సరిగా ఇచ్చి ఉంటే పరిస్థితి అంతదాకా వచ్చేది కాదేమోనన్న కోపం నాకు తగ్గలేదు. మార్పిడికి సిద్ధమవుతున్నవారు సంచి వేలాడదీయకముందే ఆ మాట చెప్పి వడపోసిన రక్తం అడగాలి. ఎక్కించిన కొన్ని వారాలకు ప్రతిరక్షకాల పరీక్ష మళ్లీ చేయించుకోవాలి.

నిన్న మా అక్కతో క్రాస్‌మ్యాచ్ నెగటివ్ వచ్చింది. ఆ మాట వినగానే అక్క ముఖం వాడిపోయింది. ఈసారి అర్థం చెప్పవలసిన వంతు నాదయింది.