ఆ చెయ్యి ఎవరిది?

లైటు తీసేసి పడుకున్నాను, మళ్ళీ లేచి వేశాను. పన్నెండు దాటింది. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. రాసినా పడుతుందన్న నమ్మకం లేదనుకోండి.

అమ్మ వీడియో సంగతే. నాలుగు రోజులుగా మూలుగుతున్నానుగా, మొత్తానికి ఇవాళ పొద్దున పెట్టేశాం. అక్క పేజీలో, నా స్టేటస్‌లో, ఫ్యామిలీ గ్రూపులో. సాయంత్రానికి హార్టులూ చప్పట్లూ కుప్పలుగా వచ్చాయి. అమ్మ మాత్రం రాత్రి పనులన్నీ అయ్యాక తీరిగ్గా కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ కాస్త దూరంగా పట్టుకుని, వరసగా మూడుసార్లు చూసింది. మూడోసారి అయ్యాక అడిగింది.

"ఏమే, నా భుజం మీద ఆ చెయ్యి ఎవరిది?"

"ఏ ఫోటోలో అమ్మా?"

"ఆ బ్లాక్ అండ్ వైట్‌ది. చెయ్యి ఉంచావు, మనిషిని ఎక్కడ పడేశావు?"

నవ్వుతూనే అంది. నేనూ నవ్వేశాను. జరిగింది అంతే. గొడవ లేదు, ఏడుపు లేదు. ఆ మాట మాత్రం అప్పటినుంచీ బుర్రలో తిరుగుతూనే ఉంది.

అసలు ఈ వీడియో ఆలోచన నాది కాదు, అక్కది. అక్క ఆలోచనలు ఎప్పుడూ 'మనం'తో మొదలై 'నువ్వు'తో ముగుస్తాయి. "అమ్మకి 70 నిండుతున్నాయి, మనం ఒక మంచి స్లైడ్‌షో చేద్దాం, నువ్వు చేసెయ్." గ్రూపులో ఒక మెసేజ్ పెట్టి తను తప్పుకుంది. ఫోటోలు మాత్రం వచ్చి పడ్డాయి, మొత్తం 312. ఏం ఫోటోలండీ అవి! సగం స్క్రీన్‌షాట్లు. పైన టైమూ, సిగ్నలూ, 12 శాతం బ్యాటరీ, కింద అమ్మ. కొన్నయితే ఆల్బమ్‌లోని ఫోటోకి ప్లాస్టిక్ కవరు తియ్యకుండా ఫ్లాష్ వేసి మరీ తీశారు. నాన్న ముఖం ఉండాల్సిన చోట తెల్లటి సూర్యుడు. కిటికీ దగ్గర పెట్టండి, ఫ్లాష్ ఆపండి, కవరులోంచి బయటికి తియ్యండి అని గ్రూపులో మూడు లైన్లు రాశాను. దానికి పదకొండు బొటనవేళ్ళు వచ్చాయి. ఆ తర్వాత కూడా అదే సూర్యుడు వచ్చాడు.

పోనీ మంచి ఫోటో ఉన్నవాళ్ళు దాన్ని సవ్యంగా పంపుతారా అంటే అదీ లేదు. మెసేజ్ యాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది. ఒకరి నుంచి ఒకరికి చేతులు మారి వచ్చేసరికి ముఖాలు నీళ్ళలో నానినట్టు ఉంటాయి. డాక్యుమెంట్‌గా పంపండి, అలాగైతే ఉన్నది ఉన్నట్టు వస్తుంది అని బతిమాలాను. "డాక్యుమెంట్ అంటే పీడీఎఫ్ కదా" అన్నారు ఒకరు. ఎవరో మీకు తెలుసు, పేరు రాయను.

ఇంకో తలనొప్పి తేదీలు. ఫోటో ఫైల్ లోపల ఎప్పుడు తీశారో రాసి ఉంటుంది. మెసేజ్ యాప్‌లో ఫోటోగా పంపేసరికి అది ఎగిరిపోతుంది. ఆల్బమ్ ఫోటోని ఫోన్‌తో తీస్తే, ఆ ఫోన్ తీసిన రోజే దాని పుట్టినరోజు. తేదీల వారీగా పేర్చమంటే యాప్ ఏం చేసిందో ఊహించుకోండి. అమ్మ పెళ్ళికి ముందు ఫోటో, పెద్దాడి స్కూలు ఫోటో, అన్నీ ఈ మంగళవారమే తీసినట్టు లెక్క. జుట్టు చూసి, కళ్ళజోడు ఫ్రేము చూసి, ఒళ్ళో ఉన్నది అక్కా నేనా అని చూసి, చేత్తో పేర్చుకున్నాను. రెండు రాత్రులు పట్టింది.

పిన్ని ఒక్కతే 41 పంపింది. వాటిలో 38 తనవి. రెండింట్లో అమ్మ వెనకాల ఎక్కడో ఉంది. ఇంకొకటి దేనిదో ఇప్పటికీ అర్థం కాలేదు, వేలు అడ్డం వచ్చినట్టుంది.

ఇక పాట. అమ్మకి ఇష్టమైనది పెట్టాను, అప్‌లోడ్ అవుతూనే గొంతు నొక్కేశారు. కాపీరైటట. వాళ్ళ హక్కు వాళ్ళది, కాదనను. యాప్‌లో ఉన్న వాటిలోంచే ఏదో ఈలపాట లాంటిది ఎంచుకున్నాను. నిమిషానికి 120 బీట్లు. టెంప్లేట్‌లో రెండు బీట్లకి ఒక ఫోటో మారుతుంది, అంటే ఫోటోకి సరిగ్గా ఒక్క సెకను. 60 ఫోటోలు, 60 సెకన్లు, డెబ్భై ఏళ్ళు. "ఇంతకంటే పెద్దదైతే ఎవరూ చూడరమ్మా" అన్నాడు పెద్దాడు. వాడు దేన్నీ పది సెకన్లు మించి చూడడు కాబట్టి వాడి మాట నమ్మాలి.

అన్నిటికంటే ఒళ్ళు మండింది ఆ నిలువు ఫ్రేముకి. ఫోన్ నిలువుగా పట్టుకుంటారు కాబట్టి వీడియో 9:16లో ఉండాలి, 1080 బై 1920. మన పాత ఫోటోలన్నీ అడ్డంగా ఉంటాయి. పోస్టుకార్డు సైజు, నాలుగు బై ఆరు. అడ్డంగా ఉన్న దాంట్లోంచి నిలువు ముక్క కొయ్యాలంటే ఆరు అంగుళాల వెడల్పులో మిగిలేది రెండుంపావు. మిగతాదంతా చెత్తబుట్టకే. పది మంది వరసగా నిలబడితే నలుగురు కూడా మిగలరు. కొయ్యకుండా మొత్తం ఉంచుదామంటే ఫోటో నడుముకి కట్టిన పట్టీలా మధ్యలో ఉంటుంది, పైనా కిందా అదే ఫోటో మసకగా, దెయ్యంలా. ఫోన్ తెర మీద ముఖాలు చీమలంత. అందుకని యాప్ తనే ముఖాలు వెతుక్కుని, దాని బుద్ధికి తోచిన ముఖం మీద ఫ్రేము బిగిస్తుంది. ఎవరు ముఖ్యమో దానికెలా తెలుస్తుంది? మా ఇంట్లో అయిదుగురిని నిలబెట్టి ఎవరు ముఖ్యమో చెప్పమంటే మాకే తేలదు.

ఇలా తిట్టుకుంటూ ఉంటే పెద్దమామయ్య ప్రొజెక్టర్ గుర్తొచ్చింది. దాని గురించి ఇంతకుముందు ఒకసారి రాశాననుకుంటా. సెలవుల్లో రాత్రిపూట వేసేవాడు. గోడకి తెల్ల దుప్పటి, నాలుగు మూలలా మేకులు. గుండ్రటి ట్రే, అందులో 80 గళ్ళు. ఒక్కో స్లైడు రెండు అంగుళాల చదరపు అట్టముక్క, మధ్యలో అగ్గిపెట్టె కన్నా చిన్న ఫిల్ము. దాన్ని తలకిందులుగా పెట్టాలి, లెన్సు బొమ్మని తిప్పేస్తుంది కాబట్టి. ప్రతిసారీ ఒకటి మాత్రం మామయ్య నిటారుగా పెట్టేసేవాడు. అది ఎప్పుడూ అమ్మమ్మదే అయ్యేది. అమ్మమ్మ కాళ్ళు పైకి, తల కిందికి దుప్పటి మీద ప్రత్యక్షమయ్యేది, గదంతా నవ్వులు, మామయ్యకి కోపం. బల్బు వేడికి కాసేపటికి ఫిల్ము ఉబ్బి బొమ్మ మెల్లగా మసకబారేది. ఆయన లేచి లెన్సు తిప్పేవాడు, ముఖాలు మళ్ళీ తేరుకునేవి. దుమ్ము కాలిన వాసన, ఫ్యాను రొద, క్లిక్‌మని ఒక చప్పుడు. పాట లేదు. మాటలే. "ఆ వెనకాలది ఎవర్రా?" అని ఎవరో అంటే ఇంకెవరో లేచి గోడ దగ్గరికి వెళ్ళి ముఖం మీద వేలు పెట్టి చూపించేవారు. వాళ్ళ నీడ సగం బొమ్మని మింగేసేది, అందరూ "తప్పుకో తప్పుకో" అని అరిచేవాళ్ళు. ఆ మనిషెవరో తేలేదాకా స్లైడు కదిలేది కాదు. ఒక్కోదాని మీద పావుగంట నడిచిన రోజులున్నాయి.

కొడాక్ ఆ రకం ప్రొజెక్టర్‌కి పెట్టిన పేరు కారౌసెల్, అంటే రంగులరాట్నం. 1960ల మొదట్లో వచ్చింది, 2004లో తయారీ ఆపేశారు. తమాషా ఏంటంటే, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకే పోస్టులో పక్కపక్కనే ఫోటోలు పెడతామే, దాన్నీ జనం కారౌసెల్ అనే అంటారు. 2017లో 10 ఫోటోలతో మొదలైంది, ఇప్పుడు 20 దాకా పెట్టొచ్చు. అలా పెడితే చూసేవాళ్ళు వాళ్ళ వేలితో వాళ్ళే జరుపుకుంటారు, కావలసినంతసేపు ఆగుతారు. వీడియో మానేసి అలా పెడదామా అని అక్కని అడిగాను కూడా. "ఎవరు జరుపుతారే అన్నిసార్లు" అంది.

ఆ రోజులే బాగుండేవి అని ఇక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశాను. ఎందుకంటే నిజం అది కాదు. ముప్ఫయ్యో స్లైడుకల్లా పిల్లలం అందరం నిద్రపోయేవాళ్ళం. మామయ్య దగ్గర ఒక ట్రే నిండా వంతెనలే ఉండేవి. 80 వంతెనలు. ఇంజనీరు కదా. వాటి మీద ఒక్క మనిషి కూడా ఉండడు, అయినా ఒక్కోదాని గురించి వివరించేవాడు. లేచి వెళ్ళిపోదామంటే చీకటి, వైర్లు. అందరికంటే ముందు గురక పెట్టేది మా అమ్మే. ఇంకో సంగతి, ఏ స్లైడు ట్రేలోకి ఎక్కాలో మామయ్య ఒక్కడే నిర్ణయించేవాడు. మిగిలినవి బీరువా మీద డబ్బాలో ఉండేవి. ఆ డబ్బా మేమెవరం ఎప్పుడూ చూడలేదు. అందులో ఎవరున్నారో ఎవరికి తెలుసు. ఫోటోకి ఒక్క సెకనే ఇచ్చే పాపం మాత్రం మామయ్యకి తెలియదు, నాకు తెలుసు, తేడా అంతే.

ఎలాగూ నిజాలు మొదలుపెట్టాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. ఆ చెయ్యి విషయంలో తప్పు యాప్‌ది కాదు.

ఆ ఫోటోలో అయిదుగురు అమ్మాయిలు వరసగా నిలబడి ఉన్నారు. అమ్మ మధ్యలో. యాప్ కోసిన ముక్కలో అమ్మ నిండుగా ఉంది, అటొక సగం ముఖం, ఇటొక సగం ముఖం. చూడ్డానికి బాగాలేదని నేనే రెండు వేళ్ళతో పెద్దది చేశాను. రెండు సగాలూ బయటికి పోయాయి, అమ్మ ఒక్కతే మిగిలింది. భుజం మీద ఆ వేళ్ళు నాకు కనిపించాయి. కనిపించలేదని అబద్ధం చెప్పను. ఒక్క సెకనులో ఎవరు గమనిస్తారులే అనుకున్నాను. హమ్మయ్య, ఇప్పుడు నీట్‌గా ఉంది అని కూడా అనుకున్నాను. ఒక్క సెకనులో గమనించే మనిషి ఒకరున్నారని తట్టలేదు.

అందుకే తొమ్మిదింటికి మళ్ళీ కూర్చున్నాను. ఆల్బమ్ తీసి, ఆ ఫోటో మూలలు చిరక్కుండా ఊడదీసి, ఈసారి ఫోన్‌తో కాకుండా ప్రింటర్ మీదున్న స్కానర్‌లో పెట్టాను. అంగుళానికి 600 చుక్కలు. అంటే ఎత్తే 2400 వస్తుంది, నిలువు ఫ్రేము నిండినా పగలదు. టెంప్లేట్ తీసిపారేసి ఆ ఒక్క ఫోటోకే ఎనిమిది సెకన్లు ఇచ్చాను. ఎడమ చివరి అమ్మాయి దగ్గర మొదలై, ఒక్కొక్కరినీ దాటుకుంటూ, మెల్లగా కుడి చివరిదాకా ఫ్రేము జరుగుతుంది. ఈ కదలికకి ఎడిటింగ్ యాప్‌లలో కెన్ బర్న్స్ అనే పేరుంది, ఆ అమెరికన్ డాక్యుమెంటరీ దర్శకుడి పేరే. 1860ల అమెరికా అంతర్యుద్ధం మీద సినిమా తియ్యాలంటే కదిలే బొమ్మలు ఎక్కడ దొరుకుతాయి, నిలిచిపోయిన ఫోటోల మీదే కెమెరాని నడిపించాడు. ఆ చెయ్యి ముందు వచ్చి, తర్వాత అమ్మ భుజం వచ్చింది. అంటే చెయ్యికి మనిషి దొరికింది. రెండు జడలు, కొంచెం కోపంగా ఉన్న ముఖం.

పెద్దాడు వెనకనుంచి చూసి "స్క్రోల్ చేసేస్తారమ్మా" అన్నాడు. అక్కకి పంపితే ఫోన్ చేసింది. పాతది తీసేస్తే కామెంట్లన్నీ పోతాయి, అరవై దాకా వచ్చాయి, పిచ్చి వేషాలు వెయ్యకు అంది. అదీ నిజమే.

పదిన్నరకి అమ్మకి చూపించాను. ఫ్రేము జరుగుతుంటే పేర్లు చెప్పుకుంటూ పోయింది, నాలుగూ. తన పేరు దగ్గర మాత్రం ఏమీ అనలేదు. చెయ్యి పెట్టినావిడ పేరు నేను పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లో ఎప్పుడూ వినలేదు. ఎవరమ్మా అంటే "ఉండేదిలే" అంది. ఎక్కడుందిప్పుడు అంటే తెలియదంది. గంటన్నర కష్టపడ్డాను కదా, నచ్చిందా అని అడిగాను.

"బాగుంది కానీ అదే జరిగిపోతోంది. నాకు వీడియో వద్దులే, ఆ ఫోటో ఒక్కటీ పంపు. నేనే వేళ్ళతో పెద్దది చేసుకుని చూసుకుంటా."

పంపాను. డాక్యుమెంట్‌గానే పంపాను. ఇప్పుడు మంచినీళ్ళకి లేచినప్పుడు చూస్తే తలుపు కింద లైటు వెలుగుతూనే ఉంది. ఆవిడ పది దాటితే మెలకువగా ఉండదు, మీకు తెలుసుగా.

పిన్ని నుంచి మెసేజ్ ఉంది, పదకొండు పదికి. తను మూడే సెకన్లు ఉందట, అందులో ఒకటి వేరే ఎవరిదో అట. రేపు చూద్దాం.