గ్రీకు తత్వం సంఘాన్ని చెడగొట్టిందన్న మోర్మన్ల వాదన

అపొస్తలుల తర్వాత గ్రీకు తత్వం క్రైస్తవ సంఘంలోకి చొరబడి, బైబిల్ దేవుణ్ణి శరీరం లేని తత్త్వంగా మార్చేసిందని మోర్మన్లు, అంటే పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన మతశాఖ వాళ్లు, తరచూ వాదిస్తారు. 325లో బిషప్‌లు కూడిన నైసియా సభ తండ్రీ కుమారుల గురించి తీసుకున్న 'ఏకసారం' (ఇద్దరిదీ ఒకే సారం) అన్న మాట బైబిల్లో లేదని గుర్తుచేస్తారు. నిజమే, లేదు. అయితే వాదనలో చిక్కు అక్కడ కాదు, వాళ్లు సాక్షులుగా పిలిచే ఆది క్రైస్తవుల దగ్గర వస్తుంది.

ముందు వాళ్ల సిద్ధాంతం. తండ్రికి మాంసమూ ఎముకలూ ఉన్న శరీరం ఉందని జోసెఫ్ స్మిత్ 1843 ఏప్రిల్ 2న ఇల్లినాయ్‌లో బోధించాడు. ఆత్మ కూడా సూక్ష్మమైన పదార్థమేనని ఆ మే నెలలో అన్నాడు. 1844 ఏప్రిల్ 7న నావూలో చేసిన కింగ్ ఫోలెట్ ప్రసంగంలో ఇంకా ముందుకెళ్లాడు: సృష్టి అంటే ఉన్న పదార్థాన్ని తీర్చిదిద్దడమే, మనిషిలోని చైతన్యం అనాది. ప్రకృతి, పురుషుడు రెండూ అనాది అనే సాంఖ్య దర్శనం తెలిసిన తెలుగు పాఠకుడికి ఇది మరీ వింతగా అనిపించదు.

దీనికి ఆది సంఘంలో మద్దతు వెతికితే మొదట దొరికేది రెండో శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్. దేవుడు రూపం లేని పదార్థం నుంచి లోకాన్ని చేశాడని 155 ప్రాంతంలో రాశాడు. కానీ అదే చోట, ప్లేటో ఈ సంగతి మోషే దగ్గరే నేర్చుకున్నాడంటాడు. అంటే ఆదికాండాన్ని ప్లేటోతో కలిపి చదువుతున్నాడన్నమాట. తర్వాత ఉత్తరాఫ్రికా క్రైస్తవ రచయిత టెర్టుల్లియన్: దేవుడు ఆత్మే అయినా శరీరమని ఎవరు కాదంటారని అడిగాడు. ఉన్నదేదైనా శరీరమేనన్నది స్టోయిక్కులనే గ్రీకు తత్వవేత్తల పాఠం. ఆ శరీరంలో మాంసం, ఎముకలు లేవు. ఏథెన్సుకూ యెరూషలేముకూ, అంటే గ్రీకు తత్వానికీ క్రైస్తవ విశ్వాసానికీ, ఏం పొత్తని నిలదీసింది కూడా ఈయనే! ఆత్మలు పుట్టుకకు ముందే ఉన్నాయన్న అలెగ్జాండ్రియా క్రైస్తవ పండితుడు ఒరిజెన్‌దీ ప్లేటో దారే. దేవుడికి శరీరం లేదని గట్టిగా పట్టుబట్టిందీ ఆయనే కాబట్టి, సగం తీసుకుని సగం వదిలేస్తామంటే కుదరదు.

శూన్యం నుంచి సృష్టి అన్న సిద్ధాంతం సంగతి ఇంకా తమాషా. లేనిదాని నుంచి ఏదీ పుట్టదన్నది గ్రీకుల పాత సూత్రం. 180 ప్రాంతంలో అంతియొకయ బిషప్ థియొఫిలస్ ప్లేటో శిష్యులతో తగవు పడ్డాడు: పదార్థమూ దేవుడిలా అనాదే అయితే దేవుడు సర్వకర్త ఎలా అవుతాడు? ఉన్న సరుకుతో వస్తువు చేయడం మనిషి పనివాడికీ వచ్చు కదా? మోర్మన్లు గ్రీకు మకిలి అనుకునే ఈ సిద్ధాంతం గ్రీకుల్ని కాదని వచ్చింది.

నా దృష్టిలో మోర్మన్లకు అన్నిటికన్నా బలమైన సాక్షులు తత్వవేత్తలు కారు, ఈజిప్టు సన్యాసులు. దేవుడికి శరీరం లేదని 399లో అలెగ్జాండ్రియా బిషప్ లేఖ పంపితే వాళ్లు తిరగబడ్డారు. సెరాపియోన్ అనే వృద్ధుడు చివరికి ఒప్పుకున్నా, ప్రార్థనలో "నా దేవుణ్ణి తీసుకుపోయారు" అని ఏడ్చాడని ఆ కాలపు సన్యాసి రచయిత కాసియన్ రాశాడు. వాళ్ల ఆధారం దేవుడు మనిషిని తన స్వరూపంలో చేశాడనే ఆదికాండం 1:26, అదీ ఉన్నదున్నట్టుగా.

మనం దేవుళ్లం కావాలనే క్రీస్తు మనిషయ్యాడన్న నాలుగో శతాబ్దపు అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ మాటను మాత్రం మోర్మన్ల పక్షాన వేయకూడదు. ఆయన దృష్టిలో సృష్టికర్తకూ సృష్టికీ మధ్య గీత చెరగదు. స్మిత్ దృష్టిలో దేవుడూ మనిషీ ఒకే జాతి.

ఇలాంటి ఉల్లేఖనం ఎదురైతే మొత్తం అధ్యాయం చదవాలి, అది ఎవరికి జవాబుగా రాశారో చూడాలి. మోర్మన్ అపొస్తలుడు ఆర్సన్ ప్రాట్‌నీ అలాగే చదవండి. పదార్థం కాని ఆత్మ అంటే ఏమీ లేకపోవడమేనని 1849లో ఆయన వేసిన కరపత్రం ప్రధానంగా తర్కం మీదే నడుస్తుంది.