పాలకూర వేళ్లు కుళ్లిన మే నెల

వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా మేడ మీద మట్టి లేకుండా నీళ్లలో పెంచుతున్న పాలకూర మధ్యాహ్నానికల్లా వాలిపోతోంది. ఎండకేలే అనుకున్నా. "డబ్బా నిండా నీళ్లుంటే మొక్క ఎందుకు వాడుతుందిరా?" అని అమ్మ అడిగేదాకా అనుమానమే రాలేదు.

మూత ఎత్తితే మురుగు వాసన. తెల్లగా ఉండాల్సిన వేళ్లు టీ డికాక్షన్ రంగులో, జిగటగా ఉన్నాయి. ఒకటి పట్టి లాగితే పైపొర తొడుగులా ఊడొచ్చి, లోపల దారంలాంటి పోగు మిగిలింది. వేళ్లను కుళ్లబెట్టే పిథియం తెగులు పని ఇలాగే ఉంటుంది. దాని బీజాలు నీళ్లలో ఈదుకుంటూ పక్క మొక్కకు పోతాయి.

థర్మామీటర్ ముంచితే 31 డిగ్రీలు! 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 దగ్గర ఏడున్నరే. వైజాగ్ ఉక్కపోతకు మనకే ఊపిరాడదు, ఇక వేళ్లకేం ఆడుతుంది?

పదకొండింటిలో ఏడు పీకి పారేశాను. మిగతావాటి కుళ్లిన వేళ్లు కత్తిరించాను. డబ్బా, పైపులు బ్లీచింగ్ నీళ్లతో కడిగి, మళ్లీ మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, కొత్త పోషక ద్రావణం పోశాను. తెగులును అణిచే మేలురకం బూజు ట్రైకోడెర్మా కలిపాను. క్రిముల్ని చంపే హైడ్రోజన్ పెరాక్సైడ్ జోలికి పోలేదు. రెండూ ఒకేసారి వాడితే మేలుచేసేదీ చస్తుంది.

వెలుతురు దూరి పాచి పట్టకుండా డబ్బాకు నల్లరంగు, ఎండకు వేడెక్కకుండా దానిమీద తెల్లరంగు వేశాను. అక్వేరియం షాపులో కొన్న గాలి పంపు రాత్రీపగలూ తిరుగుతోంది. మధ్యాహ్నం ఫ్రీజర్‌లోంచి గడ్డకట్టిన నీళ్ల బాటిల్ ఒకటి డబ్బాలో వేస్తున్నా.

మూడు మొక్కలు కొత్త తెల్లవేళ్లు వేశాయి. నాలుగోదాన్ని అమ్మ పప్పులో వేసేసింది.