ఒకే షడ్జం మీద ఆరు పాటలు

వరి పంట కాలం మీద నేను రాసి వరస కట్టిన ఆరు పాటలను ఒక సంపుటిగా తీసుకురావాలని పని మొదలుపెట్టినప్పుడు, ఏ పాటకు ఆ పాటను శ్రద్ధగా రికార్డు చేస్తే సంపుటి దానంతట అదే కుదురుతుందని నమ్మాను. నారు పోతతో మొదలై ఊడుపులు, కలుపు, కోతల మీదుగా కుప్పనూర్పుతో ముగిసే కథ ఒకటే కదా అన్నది నా ధీమా. ఎనిమిది నెలల తరువాత ఆరు పాటలనూ వరుసగా విన్నాను. విడివిడిగా అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. కలిపి వింటే మాత్రం ఒక ఇంటి పిల్లల్లా లేవు.

పని జరిగిన తీరే అలాంటిది. గాయని విశాఖపట్నంలో తన ఇంట్లో పాడి ఫైళ్లు పంపేవారు. వీణ మాస్టారు విజయనగరంలో తన భాగం వాయించి పంపేవారు. డప్పు వాయించే అన్న నా గదికి వచ్చి, చెవిలో క్లిక్ (కాలం తప్పకుండా చూపే టిక్‌టిక్ చప్పుడు) వింటూ ఒంటరిగా వాయించి వెళ్లేవాడు. మిగిలిన ఖాళీలను నేను కీబోర్డుతో నింపేవాడిని. పాట ఎక్కడ పలచగా అనిపించినా మరొక పొర వేశాను. అలా మూడో పాటలో ట్రాకులు నలభై దాటాయి. అయినా ఆ పలచదనం పోలేదు.

కారణం ఏమిటో మాస్టారు ఒక్క మాటలో పట్టుకున్నారు. మొదటి రెండు పాటలనూ వెంటవెంటనే విని, "రెండో పాట ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు, బాబూ," అన్నారు. మొదటిది మోహన, రెండోది మధ్యమావతి. రెండు రాగాల స్వభావాలు వేరు కాబట్టే వాటిని పక్కపక్కన పెట్టాను. అయితే గాయనికి ఎక్కడ సుఖంగా ఉంటే అక్కడ పాడించడం వల్ల మొదటి పాట నాలుగు శ్రుతిలోనూ, రెండోది ఐదు శ్రుతిలోనూ వచ్చాయి. శ్రుతి అంటే పాటకు ఆధారమైన షడ్జం, అంటే 'స', ఉండే ఎత్తు; అంకె పెరిగేకొద్దీ ఆ ఎత్తు పెరుగుతుంది. నాలుగు శ్రుతి మోహనలో రిషభం, అంటే 'రి', కీబోర్డులో ఏ మెట్టు మీద పడుతుందో, ఐదు శ్రుతి షడ్జం సరిగ్గా అక్కడే ఉంటుంది. మోహన రిషభాన్ని షడ్జంగా తీసుకుంటే వచ్చేది మధ్యమావతే. సంగీతం నేర్చుకున్నవాళ్లందరికీ తెలిసిన గ్రహభేదం ఇది. అంటే కీబోర్డు మీద చూస్తే రెండు పాటలూ అవే ఐదు మెట్ల మీద నడుస్తున్నాయి. మొదటి పాట షడ్జాన్ని చెవిలో ఇంకా నిలుపుకున్న శ్రోతకు రెండో పాట కొత్త రాగంగా కాక పాత పాట కొనసాగింపుగా వినిపించింది. తక్కిన పాటలలో ఇందుకు విరుద్ధంగా జరిగింది: ఒక్కొక్కటి ఒక్కొక్క శ్రుతిలో ఉండటం వల్ల పాట మారిన ప్రతిసారీ కాళ్ల కింద నేల కదిలినట్లయింది.

ఆ రాత్రే ఆరు పాటలనూ నాలుగు శ్రుతికి తేవాలని నిర్ణయించుకున్నాను. అంటే ఎనిమిది నెలల గానం, వీణ చాలావరకు పక్కన పెట్టవలసిందే. సాఫ్ట్‌వేర్‌తో శ్రుతి మార్చి చూశాను గాని, ఐదు నుంచి నాలుగుకు దించిన గొంతులో మనిషి బరువు మారిపోయింది. అది నేను ఒప్పుకోలేకపోయాను. గాయని పెద్ద మనసుతో మళ్లీ పాడటానికి ఒప్పుకున్నారు. నాలుగు శ్రుతిలో మంద్ర పంచమం, అంటే కింది స్థాయిలోని 'ప', ఆమెకు అందడం కష్టం కాబట్టి, కలుపు పాటలో రెండు పాదాల వరస మార్చాను. ఆమె గొంతు కోసం కట్టిన ఆ కొత్త వరస పాతదానికంటే నాకు ఎక్కువ నచ్చింది. మాస్టారి వీణ మూడు శ్రుతిలో ఉండేది. తీగలను అర స్వరం బిగించి, అవి కుదురుకోవడానికి ఒక రోజంతా వదిలేశారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసిన ఏకాండి వీణ అది. బిగింపు పెరిగాక దాని నాదంలో కొత్త మెరుపు వచ్చింది.

ఆ తరువాత తీసేసింది కీబోర్డు. చాలాకాలం నా చేతికి ఆసరాగా ఉన్న వాద్యాన్ని తీసేయడం బాధగానే ఉండింది. తంబురాను నిదానంగా వింటే షడ్జపు తీగలోంచి అంతర గాంధారం, అంటే పై 'గ', దానంతట అదే పుట్టి వినిపిస్తుంది. దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. ఒక షడ్జం నుంచి పై షడ్జం దాకా ఉండే స్థాయిని 1200 సెంట్లనే సమాన భాగాలుగా లెక్కిస్తే ఆ గాంధారం షడ్జం నుంచి 386 సెంట్ల దూరంలో ఉంటుంది, కీబోర్డు గాంధారం మాత్రం 400 దగ్గర ఉంటుంది. ఆ 14 సెంట్ల తేడాను అన్ని పాటల కిందా పొరలు పొరలుగా పరచి, పైన గాయనిని హాయిగా పాడమని అడిగాను. ఆమె ఒక్కొక్క టేకులో ఒక్కొక్క గాంధారం వైపు ఎందుకు ఒరుగుతున్నారో నాకు అప్పుడు అర్థమైంది. కీబోర్డు పోయి తంబురా ఒక్కటే మిగిలాక గాంధారం గురించి మేము మళ్లీ మాట్లాడుకోవలసిన అవసరం రాలేదు.

శ్రావణ మాసంలో నలుగురమూ మా ఇంటి పెద్ద గదిలో కూర్చున్నాం. క్లిక్ వద్దనుకున్నాం. మొదటి రోజు మాత్రం హెడ్‌ఫోన్లలో ఏదో అడ్డం పడుతూనే ఉంది. అన్న ప్రతి ఆవర్తనంలోనూ కొంచెం వెనక్కి వాలుతున్నాడు. కంప్యూటరు ధ్వనిని కొంచెం కొంచెంగా పోగుచేసుకుని పంపే బఫర్‌ను మిక్సింగ్ కోసం 1024 శాంపిళ్లకు (ధ్వని ముక్కలకు) పెంచి, తగ్గించడం మరిచిపోయాను. సెకనుకు 48,000 శాంపిళ్ల వేగంలో అది ఒక్కటే 21 మిల్లీసెకన్ల ఆలస్యం. తన చేతి దెబ్బ తన చెవికే ఆలస్యంగా చేరుతుంటే ఏ వాద్యకారుడు లయలో లీనమవుతాడు? 128కి తగ్గించగానే ఆ బరువు తొలగిపోయింది.

మా పనికి అసలైన నడకను ఇచ్చింది డప్పే. వాన గాలికి తోలు సడలి నాదం దిగజారుతుంటే, అన్న పెరట్లోకి వెళ్లి గడ్డి మంట మీద దాన్ని కాచుకుని వచ్చేవాడు. ఆ వేడి రెండు మూడు టేకులకు సరిపోయేది. వేడి ఉన్నంతసేపూ వాయించడం, చల్లారగానే ఆగడం మాకు అలవాటైంది. ఆగినప్పుడు రికార్డు చేసినదాన్ని వెనక్కి తిప్పి వినకూడదని నేను గట్టిగా పట్టుబట్టాను, ఎందుకంటే తప్పు వెతికే చెవితో కూర్చున్న మనిషి మళ్లీ పాట చెవిలోకి రావడానికి చాలా సమయం పడుతుందని ఆ ఎనిమిది నెలలలో నాకు బాగా తెలిసింది. వినడం, దిద్దడం వారం తరువాతి పని. మంట దగ్గర నిలబడి గాయని, అన్న ఊడుపు పాటలోని దరువు గురించి మాట్లాడుకున్నారు. "నాటేటప్పుడు చెయ్యి నీళ్లలోకి దిగినప్పుడు కదమ్మా దెబ్బ పడాలి, పైకి లేచినప్పుడు కాదు," అని అతను చెప్పాడు. లోపలికి వచ్చి అలాగే వాయించాడు. ఆ పల్లవి అప్పటి నుంచి నడుము వంచి నడిచింది.

మూడో రోజు మధ్యాహ్నం కుప్పనూర్పు పాటను మొదటి నుంచి చివరి దాకా ఒకే టేకులో వాయించాం. మొదలు నిమిషానికి 84 దెబ్బల దగ్గర ఉన్న కాలం, చివరికి 91కి చేరినట్లు తరువాత కొలిచి చూసుకున్నాను. గదిలో ఉన్నప్పుడు ఎవరికీ ఆ సంగతి తెలియలేదు. పని ముగింపుకు వచ్చేకొద్దీ చేతులు తొందరపడినట్లే ఉండింది. దాన్ని దిద్దలేదు.

మిక్సింగుకు పన్నెండు రోజులు పట్టింది. ఆరు పాటలకూ అదే గది, అదే తంబురా. నలభై దాటిన ట్రాకుల చోట ఇప్పుడు తొమ్మిదే ఉన్నాయి. ఊడుపు పాటకూ కలుపు పాటకూ నడుమ తంబురాను ఆపకుండా వదిలాను. శ్రద్ధగా వింటే ఆ విరామంలో పెరట్లోంచి, కాచిన డప్పును అన్న వేలితో రెండుసార్లు తట్టి చూసుకోవడం వినిపిస్తుంది.