ఈయేల జానెడు లెగిసింది

పొద్దున్న ఆరున్నరకి నాన్న ఫోన్ వస్తుంది. బాగున్నావా, తిన్నావా అనేం ఉండదు. "గుంటా, ఈయేల జానెడు లెగిసింది" అంటారు. ఒక్కోరోజు "బెత్తెడే" అంటారు నీరసంగా. నేను విశాఖ గోపాలపట్నంలో మా వంటింట్లో పొంగబోయే పాలని చూసుకుంటూ "ఊఁ" అంటాను. మొదట్లో మా ఆయన ఏవైనా షేర్లు కొన్నారా అని అడిగారు. షేర్లు కాదు, గోబర్ గ్యాస్ డ్రమ్ము.

చోడవరం దగ్గర మా ఊళ్ళో, పశువుల శాల పక్కన ఆ తొట్టి 1988లో కట్టించారు. ఖాదీ కమిషన్ వాళ్ళ నమూనా. నేలలో బావిలాంటి గొయ్యి, దాని మీద బోర్లించిన ఇనప డ్రమ్ము. లోపల పేడ మురిగి గ్యాస్ పుడుతున్నకొద్దీ డ్రమ్ము లేస్తుంది, వంట చేస్తే దిగుతుంది. నేనూ అన్నయ్యా దాని మీదెక్కి కూర్చునేవాళ్ళం. మా బరువుకి లోపల పొయ్యి మీద మంట ఒక్కసారి భగ్గుమనేది. "దిగండర్రా, పులుసు మాడిపోతంది" అని అమ్మ కేక. సైన్సు మాస్టారు పీడనం పాఠం చెప్పినప్పుడు నాకు ఒక్క ముక్క కూడా కొత్తగా అనిపించలేదు.

తర్వాత ఎద్దులు పోయి ట్రాక్టర్ వచ్చింది. సిలిండర్ వచ్చింది. ఏటా రంగు వేయకపోతే ఆ డ్రమ్ము తుప్పు పట్టిపోతుంది, వేసేవాళ్ళు లేరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు చెరకు మొత్తం నేలకి పరుచుకుంది, శాల రేకులు ఎగిరిపోయాయి, కొబ్బరిచెట్టు ఒకటి సరిగ్గా డ్రమ్ము మీదే పడింది. ఆ తర్వాత గొయ్యి కొబ్బరి డొక్కలకి పనికొచ్చింది.

నిరుడు సంక్రాంతికి వెళ్తే నాన్న ఆ డొక్కలు తీసేస్తున్నారు. డెబ్బై ఒకటి ఆయనకి. "మళ్ళీ నడుపుతాను" అన్నారు. అమ్మ నా వైపు చూసింది, నువ్వైనా చెప్పు అన్నట్టు. నేను చేసేది లెక్కల ఉద్యోగం కాబట్టి లెక్క వేశాను. పాతిక కిలోల పేడకి ఒక ఘనపు మీటరు గ్యాస్ వస్తుంది. గేదె రోజుకి పదిహేను కిలోలు వేస్తుందనుకుంటే మాకున్న రెండు గేదెలకీ ముప్పై. అంటే సుమారు అరకిలో సిలిండర్ గ్యాస్‌కి సమానం. నెలకి ఒక సిలిండర్ అన్నమాట. కాగితం మీద బాగానే ఉంది. కానీ గేదెలు కాగితం మీద ఉండవు కదా, చెరువు గట్టుకి మేతకి పోతాయి. సగం పేడ అక్కడే.

పక్కింటి అత్తకి మూడు ఆవులున్నాయి, గ్యాస్ తొట్టి లేదు. ఆవిడతో బేరం కుదిరింది. పేడ ఆవిడది, తొట్టిలోంచి బయటికొచ్చే మడ్డిలో సగం ఆవిడ కూరమళ్ళకి. బయో ఎనర్జీ అనే పెద్ద మాట టీవీలో వినిపించినప్పుడల్లా నాకు ఆ ఇద్దరు ముసలాళ్ళు గోడ దగ్గర నిలబడి గంపలు లెక్కపెట్టుకోవడం గుర్తొస్తుంది.

అదే కొలతకి ఫైబర్ డ్రమ్ము తెచ్చాం. తుప్పు భయం లేదు కానీ తేలిక, మంటకి ఊపు ఉండదు. నాన్న వాడకంలో లేని రుబ్బురోలు పొత్రం తెచ్చి మీద పెట్టారు. సరిపోయింది. పేడకి సమానంగా నీళ్ళు కలిపి పోశాక మూడు వారాలకి డ్రమ్ము కదిలింది. ఆయన అగ్గిపెట్టెతో రెడీ. వెలగలేదు. మొదట వచ్చేదాంట్లో మండని బొగ్గుపులుసు గాలే ఎక్కువ, బయటి గాలి కూడా కలిసి ఉంటుంది కాబట్టి పొయ్యి దగ్గర కాకుండా ఆరుబయట వదిలేయాలి. ఆ సంగతి తెలిసిన మనిషే, 1988లో చేసిన మనిషే. ఆత్రం. మూడోసారికి నీలం మంట వచ్చింది.

తర్వాత ఇంకో తంటా. మంట గుటకలు వేస్తూ ఎగిరి ఆరిపోయేది. గ్యాస్‌లోని తేమ పైపు వంపులో నీరై నిలిచిందని తేలడానికి నాలుగు రోజులు పట్టింది. అన్నిటికన్నా పల్లంలో ఒక చిన్న కుళాయి పెట్టాం. ఇప్పుడు అమ్మ వారానికోసారి తిప్పి గ్లాసుడు నీళ్ళు వంపుతుంది.

నన్నడిగితే గ్యాస్ కన్నా గొప్ప విషయం ఆ మడ్డే. మా నాయనమ్మ కాలంలో పేడంతా పిడకలయ్యేది. పిడక కాలిస్తే పొలానికి వెళ్ళాల్సిన నత్రజని పొగలో పోతుంది. తొట్టిలో అయితే మంట వంటింటికి, బలం పొలానికి. పైగా పేడ గుంటలో ఊరికే మురిగితే వచ్చే మీథేన్, వందేళ్ళ లెక్కన చూస్తే బొగ్గుపులుసు గాలికి ఇరవై ఎనిమిది రెట్లు వేడి పుట్టిస్తుంది. దాన్ని మన అన్నం కింద మండించేస్తున్నాం.

అందుకే ఈ ఫిబ్రవరిలో చెరకు ఆకు దగ్గర నాకూ నాన్నకీ చిన్న గొడవ అయింది. నరికేశాక పొలంలో మిగిలే ఎండాకుని చుట్టుపక్కల చాలామంది కార్శి తోటకి (నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ చిగురించే చెరకుకి) ముందు తగలబెట్టేస్తారు. ఈసారి ఒకతను వచ్చి బాయిలర్లలో మండించే ఇటుకలుగా నొక్కడానికి కొంటామన్నాడు. తగలబెట్టేదానికి డబ్బులొస్తే మంచిదే కదా అన్నాను. నాన్న ఒప్పుకోలేదు. నన్ను పొలానికి తీసుకెళ్ళి, ఆకు పరిచిన సాలులో వేలు పెట్టమన్నారు. మధ్యాహ్నం రెండింటికి లోపల చల్లగా తడి ఉంది. పక్క మడిలో నేల పెంకులా ఉంది. ఈమధ్య వానలు ఒక దగ్గర ఆగవు, ఒక దగ్గర కురవవు. ఎండాకాలం గట్టెక్కించేది ఆ తడే. హెక్టారుకి మూడు టన్నుల ఆకు కప్పమని అనకాపల్లి పరిశోధన స్థానం వాళ్ళు ఎప్పట్నుంచో చెబుతున్నదే. బెల్లం పొయ్యిలో చెరకు పిప్పి మండిస్తారు, అది పొలంలో ఉండి చేసేదేం లేదు, మండనీ. ఆకు సంగతి వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టింది నేనే.

పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ గురించి కూడా నాకు ఇదే అనుమానం. ఇరవై శాతం కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి 2025-26కి ముందుకి జరిపారు. మొలాసిస్‌తో, అంటే పంచదార తీశాక మిగిలే పాకం మడ్డితో చేస్తే సరే, ఎలాగూ మిగిలేదే. కానీ 2023లో వానలు సరిగా లేక చెరకు తగ్గితే, ఆ డిసెంబర్‌లో కేంద్రమే చెరకు రసంతో ఇథనాల్ చేయడానికి పగ్గాలు వేయాల్సి వచ్చింది. వానని నమ్ముకున్న ఇంధనం వానకి బెదరకుండా ఉంటుందా? ఇలా అడిగే హక్కు నాకెంత ఉందో మరి. రైవాడ జలాశయం నీళ్ళు మా చెరకుకి సరిపోవని నాన్న గొణుగుతుంటే, అదే రైవాడ నుంచి విశాఖకి తాగునీళ్ళు వస్తున్నాయి. ఆ నీళ్ళతోనే స్కూటీ కడుగుతాను.

మొన్న జనవరిలో చలికి గ్యాస్ బాగా తగ్గింది. పేడలో కలిపే నీళ్ళని నాన్న ఎండలో పెట్టి గోరువెచ్చగా చేసి పోసేవారు. అయినా పది రోజులు సిలిండరే దిక్కయింది. ఆ పది రోజులూ ఫోన్ చేయలేదాయన. నేనే చేస్తే అమ్మ ఎత్తి, "లెగలేదని సిగ్గుపడతన్నారు" అంది.

ఇవాళ ఆరున్నరకి ఫోన్ రాలేదు. ఏడు దాటాక వచ్చింది. పక్కింటి అత్త మనవడు డ్రమ్ము మీద పొత్రం పక్కన ఎక్కి కూర్చున్నాడట, వాడు దిగితేగానీ కొలవడం కుదరలేదట.